నాన్న చెవికో డ్రాయింగ్

మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడడం రాదు. టాటానగర్‌లోని సిద్ధగోరాలో మా వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ మేం ఆ పూట ఏం కూర వండుకున్నామో, నాకు ఏ పేపర్లో మార్కులు తగ్గాయో, అమ్మ తన తోడికోడలి గురించి ఏమనుకుంటోందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. మీ పక్కన ఉంటే రేడియో కొనక్కర్లేదని ఎదురింటి బిహారీ ఆంటీ నవ్వేది. దీనికంతటికీ కారణం నాన్న. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫోర్జింగ్ షాపులో ఆయన హెడ్ స్మిత్. అంటే కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప దిమ్మను పట్టకారుతో పట్టుకుని సుత్తి కింద అటూ ఇటూ తిప్పే మనిషి. ఆ సుత్తి చేత్తో ఎత్తేది కాదు, ఇంటికన్నా ఎత్తయిన యంత్రం. అది పడ్డప్పుడల్లా నేల అదిరి, గేటు బయట టీ కొట్టులో గాజు గ్లాసులు గలగలమనేవి. అలాంటి దాని పక్కన నాన్న నా పుట్టుకకు ముందు నుంచీ నిలబడుతున్నాడు.

ఆ షాపులో నోరు పనికిరాదు కాబట్టి అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చూపుడువేలు ఎత్తితే గట్టి దెబ్బ. చిటికెనవేలు ఎత్తితే ఇంకొక్క చిన్న దెబ్బ, ఊరికే తట్టినట్టు. పిడికిలి బిగిస్తే ఉన్నదున్నట్టు పట్టుకో, జారనివ్వకు. అరచెయ్యి చాపి అడ్డంగా తిప్పితే అయిపోయింది, దించెయ్. సైగ చేసేది నాన్న, దాన్ని చూసి సుత్తి నడిపేది డ్రైవరు. ఆ భాష నాన్న వెంట సైకిలెక్కి మా ఇంటికి కూడా వచ్చేసింది. అన్నం తింటూ ఆయన చూపుడువేలు ఎత్తితే గరిటెడు పప్పు పడాలి, చిటికెనవేలు ఎత్తితే కాస్త మజ్జిగ. అమ్మ చీరల కొట్టు గురించి ఎత్తుకుంటే అరచెయ్యి. నాకు ఈ సైగలు ముందొచ్చాయి, తర్వాత తెలుగు వచ్చింది, హిందీ వీధిలో ఆడుకుంటుంటే దానంతటదే వచ్చింది. అందుకే నాన్న తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబు చెప్పేదాన్ని, ఇద్దరికీ విసుగొస్తే చేతుల్లోకి దిగేవాళ్ళం.

ఇంత గోల ఇంట్లో పాట కూడా ఉండేదంటే మీరు నమ్మకపోవచ్చు. నాన్నది మంచి గొంతు. మెచ్చుకోవడం మా వంశంలో లేదు కాబట్టి నేను అంతకన్నా అనను. మా చిన్న తెలుగు చర్చిలో పాట ఎత్తేది ఆయనే. మామూలు ఆదివారాల్లో హార్మోనియం ఉంటుంది, తబలా ఉంటుంది, ఎవరు ఎత్తినా గడిచిపోతుంది. గుడ్ ఫ్రైడే నాడు మాత్రం మా చర్చిలో వాయిద్యాలు ముట్టరు. హార్మోనియం మూత తియ్యరు, తబలా మీద తెల్లగుడ్డ కప్పేస్తారు. ఆ మధ్యాహ్నమంతా ఒట్టి నోటితోనే పాడాలి. ఒకరు ఎత్తాలి, మిగతా అందరూ అందుకోవాలి. ఆ ఒకరు నాన్న. ఏడాది పొడుగునా ఇనుముతో కుస్తీ పట్టేది ఆ ఒక్క మధ్యాహ్నం కోసమేనా అన్నట్టు ముందు రోజు నుంచే ఆయన చల్లనీళ్ళు ముట్టేవాడు కాదు, మమ్మల్ని తిట్టేవాడు కూడా కాదు.

జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడిన కొత్త. దుకాణాల బోర్డుల మీద ఇంకా బీహార్ అనే ఉండేది. ఆ క్రిస్మస్‌కి నాన్న పాట ఎత్తాడు, సంఘం అందుకుంది, కానీ రెండో చరణానికే ఆయనొక దారి, జనం ఒక దారి అయ్యారు. జనం ఇంకా పల్లవి లాగుతుంటే ఆయన ముందుకు వెళ్ళిపోయాడు. గొంతుకేం కాలేదు, వెనకవాళ్ళ పాట ఆయనకి వినబడలేదు. క్రిస్మస్ సందడిలో ఎలాగో సర్దుకుపోయింది గానీ, జనవరిలో ఇద్దరు సంఘ పెద్దలు మా ఇంటికి వచ్చారు. టీ తాగారు, బిస్కెట్లు తిన్నారు, ఆ తర్వాత ఎంతో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, ఈ గుడ్ ఫ్రైడేకి వేరెవరైనా ఎత్తితే మీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుందేమో అన్నారు. అంత మర్యాదగా చెబితే నాన్నకి ఎలా వినబడుతుంది? ఆయన తల ఊపి ఇంకో బిస్కెట్ తీసుకోమన్నాడు. చివరికి ఆ మెత్తటి మాటని అమ్మే అరిచి చెప్పాల్సి వచ్చింది. పెద్దలు వీధి మలుపు తిరిగేలోగా సిద్ధగోరా అంతటికీ సంగతి తెలిసిపోయింది.

నాన్న మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. ఆయన అలా అవడం నేనంతకు ముందు చూడలేదు, చూడాలని కూడా లేదు. కాసేపటికి తేరుకుని, వెళ్ళబోతున్నవాళ్ళని గుమ్మంలోనే ఆపి, గుడ్ ఫ్రైడే నాటికి తన చెవులు బాగయిపోతాయని మాటిచ్చేశాడు. సరే, గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం దాకా చూద్దాం, అప్పటికీ ఇలాగే ఉంటే వేరేవాళ్ళని పెడదాం అన్నారు పెద్దలు. ఇదంతా ఏ డాక్టర్ని అడిగి చెప్పావు నాన్నా అని నేను హిందీలో అరిచాను. డాక్టరెందుకు, నువ్వు చదువుకుంటున్నావుగా అన్నాడు.

నేను చదువుకుంటున్నది బి.ఎస్సీ జువాలజీ, ఆఖరి సంవత్సరం. ఆ ఏడు మాకు ప్రాజెక్టు రిపోర్టు ఉంది. అందరూ కప్పలూ చేపలూ తీసుకుంటే నేను 'శబ్దం, మనిషి వినికిడి' అని తీసుకున్నాను. పరిశోధనకి కావలసిన మనిషి రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు, ఇంతకన్నా సుఖం ఏముంటుంది అనుకున్నాను. నాన్న సంగతి కూడా దాంతోనే తేలిపోతుందని, ఒక శనివారం ఆయన్ని సాక్చి బజారులో సైబర్ కేఫ్‌కి తీసుకెళ్ళాను.

ప్లైవుడ్ గదిలో నాన్న బూట్లు విప్పేసి, కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను సెర్చ్ ఇంజన్‌లో చెవుడు తగ్గడం ఎలా అని కొట్టాను. అబ్బో, అదెంత మంచిదో చెప్పలేను. లేదు అనే మాటే దాని నోట రాదు. వెల్లుల్లి నూనెతో తగ్గుతుందంది, చెవి వెనక నొక్కితే తగ్గుతుందంది, ఫలానా బెల్టు నడుముకి కట్టుకుంటే తగ్గుతుందంది. మరి తగ్గదా అని మార్చి అడిగితే, తగ్గదనేవాళ్ళని నమ్మకండి అంటూ మళ్ళీ అదే బెల్టు చూపించింది. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా అన్ని సంబంధాలకీ అంత గట్టిగా హామీ ఇవ్వడు. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా బొమ్మలు చూసి తలాడించాడు. వెల్లుల్లి నూనె పేజీ ప్రింటు తియ్యమన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. నాన్న షాపులో డ్రాయింగ్, అంటే కొలతలు వేసిన బొమ్మ, లేకుండా ఏ పనీ మొదలెట్టరు. ఆఫీసు నుంచి కాగితం రావాలి, దాని మూల నంబరూ తేదీ ఉండాలి. ఉంటే ఇక మారు మాట లేదు, అందులో ఎంతుంటే అంత. ప్రింటరు నుంచి వచ్చిన కాగితం మూల కూడా పేజీ నంబరూ తేదీ ఉన్నాయి. ఇంకేం, అది డ్రాయింగ్ అయి కూర్చుంది. ఇంటికొచ్చి దాన్ని వంటింట్లో మేకుకి గుచ్చాడు. అందులో వేడి చెయ్యమన్నంత సేపే వేడి చెయ్యాలి, చుక్కలు అన్నన్నే వెయ్యాలి. అమ్మ ఒక్క చుక్క ఎక్కువ వేస్తే కాగితం మీద వేలు పెట్టి చూపించేవాడు. ఎవడో ఎక్కడో కూర్చుని రాసిన దాన్ని పట్టుకుని నా వంటింట్లో నాకే ఇన్‌స్పెక్షనా అని అమ్మ గొణిగేది. మా ఇంటి గొణుగుడు కాబట్టి అది మూడో ఇంటికి వినబడేది.

ఆ నూనె సీసాకి మూత లేదు. షాపులో నాన్నకి చెవుల్లో పెట్టుకోమని పసుప్పచ్చ స్పాంజి బిరడాలు ఇచ్చేవారు. ఆయన వాటిని ఎన్నడూ చెవుల్లో పెట్టుకున్న పాపాన పోలేదు. చెవులు మూసుకుంటే ఇనుము పలికేది ఎలా తెలుస్తుంది, లోపల పగులుందో లేదో సుత్తి చప్పుడే చెబుతుంది అనేవాడు. వాటిని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు, అమ్మ వాటితో సీసాల మూతులు బిగించేది. మా ఇంట్లో కిరసనాయిలు సీసాకి, వెనిగర్ సీసాకి, చివరికి వెల్లుల్లి నూనె సీసాకి కూడా మూతలు అవే. చెవి మందు సీసాకి చెవి బిరడా మూతగా ఉందన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికైనా వింతగా తోచలేదు.

నాన్న ఆదివారాలు కూడా మానకుండా నూనె వేసుకునేవాడు. పాటల బెంచీలో ఆయన పక్కన కూర్చునేవాళ్ళు ఒక్కొక్కరే జరగడం మొదలెట్టారు. లెంట్ రోజులు కదా, అందరూ ఉపవాసాల మీద ఉన్నారు, ఆ తాలింపు వాసనకి కడుపులు గోలపెట్టి ఉంటాయి పాపం. నూనె వేసుకున్న మర్నాడు బాగా వినబడుతోందని నాన్న అనేవాడు. మేం ఇంకాస్త గట్టిగా మాట్లాడుతున్నామని నాకు తెలుసు.

ఈలోగా నా ప్రాజెక్టు మొదటి ప్రతి పట్టుకెళ్ళి మేడమ్ ముందు పెట్టాను. మేడమ్ అంటే మా జువాలజీ ప్రొఫెసరు, చేతిలో ఎర్రపెన్ను లేకుండా ఆవిడని ఎవరూ చూసి ఉండరు. ఆవిడ నేరుగా ఆఖరి పేజీకి వెళ్ళి, నేను రాసిన ఆధారాల్లో మొదటి దాని మీద పెన్ను పెట్టి, ఇది ఎవరు రాశారు అని అడిగింది. ఇంటర్నెట్ అన్నాను. ఇంటర్నెట్ ఏ కాలేజీలో చదివింది అంది. క్లాసంతా నవ్వింది. బెల్టు అమ్మేవాడు బెల్టు మంచిదనే చెబుతాడు, ఎవరు ఎవరిని పరీక్షించారో, ఎలా పరీక్షించారో, దాన్ని ఇంకెవరు సరిచూశారో తెలిసిన వ్యాసాలు తీసుకురా, వెబ్ పేజీ ఒక్కటున్నా సంతకం పెట్టను అని చెప్పింది. ఊళ్ళో ఒక పెద్ద సంస్థ లైబ్రరీలో వైద్య పరిశోధన వ్యాసాల డేటాబేస్ ఉందని, అక్కడికి వెళ్ళమని చీటీ రాసిచ్చింది. నేను లోపల్లోపల కుతకుతలాడిపోయాను.

మనుషులు నోరు మెదపని చోట్లు లోకంలో రెండే అని నాకు ఆ రోజు తెలిసింది. ఒకటి ఫోర్జింగ్ షాపు, రెండోది లైబ్రరీ. లోపల అడుగు పెట్టి నా మామూలు గొంతుతో నమస్తే సార్ అన్నానో లేదో, చదువుకుంటున్న తలలన్నీ లేచాయి. లైబ్రరీ ఇన్‌ఛార్జి గోడ మీద బోర్డు చూపించాడు. ఆయన బెంగాలీ పెద్దమనిషి. తన డేటాబేస్ గురించి ఎవరైనా అడిగితే చాలు, కొత్త కోడలి నగలు చూపించినట్టు ఒక్కొక్కటే తీసి చూపించేవాడు. చెప్పులు బయట విప్పించి, ఏసీ గదిలో కూర్చోబెట్టి, సంవత్సరాల వారీగా సర్ది ఉన్న సీడీల్లోంచి ఒకటి కంప్యూటర్లో పెట్టాడు. అడుగు అన్నట్టు చెయ్యి చాపాడు.

నేను సెర్చ్ ఇంజన్‌కి అలవాటు పడ్డదాన్ని. మా నాన్న ఫోర్జింగ్ షాపులో పని చేస్తాడు, ఆయనకి సరిగ్గా వినబడడం లేదు, ఏం చెయ్యాలి అని ఇంగ్లీషులో పూర్తిగా కష్టం చెప్పుకున్నాను. సున్నా వచ్చింది. కొంచెం మర్యాదగా మార్చి అడిగాను. మళ్ళీ సున్నా. సైబర్ కేఫ్‌లో ఏమడిగినా బెల్టన్నా వచ్చేది, ఇక్కడ బెల్టు కూడా రాలేదు. ఇన్‌ఛార్జి మీసాల చాటున నవ్వుకుని ఒక లావుపాటి పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. దీనికి నీ కష్టసుఖాలు పట్టవు అని గుసగుసగా చెప్పాడు. ప్రతి వ్యాసాన్నీ ఒక మనిషి చదివి, అది దేని గురించో చూసి, ఒక శీర్షిక కింద పెట్టి ఉంచుతాడట. ఆ శీర్షికతో పిలిస్తేనే పలుకుతుందట. పుస్తకంలో వెతికితే దొరికింది. ముందు 'వినికిడి లోపం', ఆ తర్వాత కామా, ఆ తర్వాత 'శబ్దం వల్ల'. మనవాళ్ళకి ఇంటిపేరు ముందొచ్చి అసలు పేరు తర్వాత వచ్చినట్టన్న మాట. అలా పిలిచేసరికి తెర నిండా వ్యాసాల వరస వచ్చింది. ఏ పత్రికలో వచ్చింది, ఎవరు రాశారు, ఎంతమందిని ఎలా పరీక్షించారు, అన్నీ ఉన్నాయి. దానికి ఫోర్జింగ్ అని మరో మాట కలిపితే వరస చిన్నదై నాన్న షాపు లాంటి షాపుల దాకా వచ్చింది.

ఒక్కొక్క సారాంశమే చదివాను. ఆ రాతలో రుచీ పచీ లేదు. ఎక్కడా ఆశ్చర్యార్థకం లేదు. ప్రతి వాక్యమూ ఒక 'బహుశా' తగిలించుకుని జంకుతూ జంకుతూ నడుస్తుంది. కానీ ఒక్క దగ్గర మాత్రం రాసినవాళ్ళెవరూ జంకలేదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు చచ్చిపోతే మనిషికి మళ్ళీ పుట్టవు. పోయింది శాశ్వతం. ఆ మాట ఒక వ్యాసంలో చూసి పోనీలే అనుకున్నాను. తర్వాత దాంట్లోనూ ఉంది. ఆ తర్వాత దాంట్లోనూ ఉంది.

అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. ఫలానా మాట ఉన్న వ్యాసాలు వద్దు అని చెప్పే వీలు కూడా ఆ డేటాబేస్‌లో ఉందని ఇన్‌ఛార్జి అంతకు ముందే మురిసిపోతూ చూపించాడు. సరే, 'శాశ్వతం' వద్దు అని కొట్టాను. వరస ఒక్కసారిగా కుదించుకుపోయింది. మిగిలిన నాలుగింటినీ ఆశగా తెరిస్తే అన్నీ గినీ పందుల మీదవే. వాటిని కాసేపు మోతలో ఉంచి, తర్వాత నిశ్శబ్దంలో పెడితే మళ్ళీ వినబడిందట. మంచిదే, వాటికి నా శుభాకాంక్షలు. మా నాన్న గినీ పంది కాదు, ఆయన మోతలో ఉన్నది కాసేపూ కాదు. ఇన్‌ఛార్జి నా భుజం మీదుగా తెర చూసి, వద్దన్న మాటని ఇది మనకి కనబడకుండా దాస్తుంది అంతే అమ్మా, లోకంలోంచి తీసెయ్యదు అన్నాడు. ఆయన్ని కొట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది. రెండూ చెయ్యకుండా ముక్కు తుడుచుకుని మళ్ళీ 'శాశ్వతం' కలిపి, మొదటినుంచీ చదివాను. అలా చదివితేనే రెండో సంగతి దొరికింది. పోయింది రాదు గానీ, ఇక మోత తగలనివ్వకుండా చెవులు మూసుకుంటే ఉన్నది ఉంటుంది. మూసుకోకపోతే అదీ పోతుంది.

ఆ సారాంశాలు ప్రింటు తీసుకుని సాయంత్రం ఇల్లు చేరాను. నాన్న షిఫ్టు నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. అమ్మ నూనె వేడి చేస్తోంది. నా చేతిలో కాగితాలు చూడగానే ఆయన మొహం వెలిగింది. కొత్త డ్రాయింగ్ వచ్చిందనుకున్నాడు. చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేకపోయాను. చెబుదామని నోరు తెరిచాను, హిందీ రాలేదు, తెలుగు రాలేదు. అరిచి చెబితే తప్ప ఆయనకి వినబడదు, అరిచి చెప్పే మాట కాదది. పక్కింటి కిటికీ తెరిచే ఉంది.

నాన్న నా మొహం చూశాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కాయితాలొగ్గేయే గుంటా," అన్నాడు. "సెయ్యి సూపించు. తిరిగొత్తాదా, రాదా?"

నేను అరచెయ్యి చాపి, అడ్డంగా తిప్పాను.

అమ్మ పొయ్యి ఆర్పేసింది. నాన్న నా చేతినే చాలాసేపు చూశాడు. ఎన్నో ఏళ్ళుగా తను ఇనుప దిమ్మలకి చేసిన సైగ అది, తనకి ఎవరూ చేసి ఉండరు. తర్వాత అడిగాడు.

"మరి ఉన్నదో?"

పిడికిలి బిగించి చూపించాను. ఉన్నదున్నట్టు పట్టుకో, జారనివ్వకు.

ఆయన లేచి, మేకుకి ఉన్న వెల్లుల్లి డ్రాయింగ్ పీకి పొయ్యి పక్కన పడేశాడు. సీసాకి ఉన్న పసుప్పచ్చ బిరడా ఊడదీసి వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. అది నూనె పీల్చి ఉబ్బిపోయి ఉంది. దాన్ని పారేసి, చేతులు కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు. మర్నాడు షాపులో తనే అడిగి కొత్త జత తీసుకున్నాడని, చెవుల్లో అవి పెట్టుకుని సుత్తి దగ్గర నిలబడితే మేస్త్రీకి జ్వరమేమో అని తోటివాళ్ళు అడిగారని తర్వాత తెలిసింది. ఆ రాత్రి అన్నాల దగ్గర మాత్రం మేం ముగ్గురం ఒక్క వేలు కూడా ఎత్తలేదు. పప్పు గిన్నె అలాగే ఉండిపోయింది.

ఇక పాట సంగతి. నాన్న మానుకుంటాడనే నేనూ అమ్మా అనుకున్నాం. రెండ్రోజులు గడిచాయి. మూడో రోజు షాపు నుంచి వస్తూనే, సైకిలు స్టాండ్ కూడా వెయ్యకుండా, గుమ్మంలోంచే ఎత్తుకున్నాడు.

"షాపులో నాకినబడే పని సేత్తన్నానేటి?" అన్నాడు. "అక్కడ ఎవులికీ ఏటీ ఇనబడదు. అయినా దెబ్బ తప్పుతాదా?"

ఆయన ఆలోచన ఇది. పాట తను ఎత్తుతాడు. నేను ముందు బెంచీలో, ఆయనకి ఎదురుగా, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. సంఘం పల్లవి ఇంకా లాగుతుంటే పిడికిలి. అందుకున్నారంటే చూపుడువేలు, తరవాతి చరణం. ఇంకోసారి అదే పాడాలంటే చిటికెనవేలు. పాట అయిపోతే అరచెయ్యి. నాన్నా, పాగల్ హో గయే హో క్యా, పిచ్చి పట్టిందా, చర్చిలోనా అని నేను నెత్తి కొట్టుకున్నాను. ఆయనకి వినబడలేదు, లేదా వినబడనట్టు ఉన్నాడు. చెవుడులో ఉన్న లాభాలు ఆయనకి బాగా తెలుసు.

వంటింట్లో సాధన మొదలైంది. అమ్మ సంఘం, నేను సైగ, నాన్న పాట. మా సంఘం పాటని ఎంత సాగదీస్తుందో అమ్మ అంత సాగదియ్యాలి. ఆవిడ ఒప్పుకోలేదు. అన్నం మాడుతుంటే అంత నెమ్మదిగా ఎవరు పాడతారని పరుగులు పెట్టించేది. నాన్న కోప్పడేవాడు, సంఘం ఎదురు తిరిగేది. మట్టల ఆదివారం నాడు నాన్న పెద్దల దగ్గరికి తనే వెళ్ళి, నా చెవులు బాగవలేదు, ఇక బాగవవు కూడా, కానీ పాట నేనే ఎత్తుతాను అని, అది ఎలాగో కూడా వివరించాడు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క పాట చూద్దాం, చెడిందంటే ఇంకొకరు అందుకుంటారు అన్నారు. చాలా మర్యాదగానే అన్నారు, అమ్మ అరిచి చెప్పింది.

గుడ్ ఫ్రైడే వచ్చింది. తబలా మీద గుడ్డ కప్పి ఉంది. చర్చి ఇసకేస్తే రాలనంత నిండిపోయింది. టాటానగర్ స్టేషన్ వైపు రైల్వే కాలనీ వాళ్ళు కూడా అంతా వచ్చారు. నేను ముందు బెంచీలో, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాన్న లేచి, ఇస్త్రీ చొక్కా సర్దుకుని, కళ్ళు నా చేతి మీద పెట్టి పాట ఎత్తాడు.

సంఘం అందుకుంది. ఎప్పటిలాగే లాగింది. నేను పిడికిలి బిగించాను. నాన్న ఆగాడు. చివరి అక్షరం దాకా ఆగాడు. చూపుడువేలు ఎత్తాను, చరణం ఎత్తాడు. ఒక్కచోట కూడా తప్పలేదు. జీవితమంతా చెయ్యి చూపించి పని చేయించిన మనిషి, మొదటిసారి ఇంకొకరి చెయ్యి చూసి పని చేశాడు. ఇంత బాగా మాట వింటాడని తెలిస్తే చిన్నప్పటి నుంచే సైగ చేసేదాన్ని. పక్కన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ కూడా, మెడ నొప్పి పుట్టేలా వెనక్కి తిరిగి జనం మొహాలు చూస్తోంది.

ఆఖరి చరణం అయింది, పల్లవి కూడా అయింది. ఇప్పుడు అరచెయ్యి చూపించాలి. ఒళ్ళో చెయ్యి అప్పటికే తెరుచుకుంది కూడా. కానీ ఆ సైగ ఆయనకి నేను ఒకసారి చేసేశాను, వంటింట్లో. రెండోసారి చెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. నాన్న చూస్తున్నాడు. చర్చి అంతా నిశ్శబ్దం, ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. పాట అయిపోయిందా, ఉందా, ఎవరికీ తెలియదు. ఎంతసేపటికీ నా చెయ్యి కదలకపోయేసరికి నాన్న కాస్త ముందుకి వంగి, తను చాలా మెల్లగా, ఎవరికీ వినబడకుండా అడుగుతున్నాననుకుని, చర్చి కప్పు అదిరేలా అడిగాడు.

"ఏటే అమ్మీ, ఆపీమంటావా?"

గుడ్ ఫ్రైడే కాబట్టి ఎవరూ నవ్వకూడదు. వెనక బెంచీల్లో కొంతమంది తలలు వంచేసుకున్నారు. పెద్దలిద్దరూ పాటల పుస్తకాలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

చెయ్యి పైకి తీసి, అందరికీ కనబడేలా, చిటికెనవేలు ఎత్తాను.

నాన్న మళ్ళీ పల్లవి ఎత్తాడు.